వాలెరీ ఆడమ్స్ ఆఖరి త్రోలు

2022 మార్చి 1న న్యూజిలాండ్ షాట్‌పుట్ క్రీడాకారిణి వాలెరీ ఆడమ్స్ ఆటకు సెలవు చెప్పేసింది. ఆ రోజు నుంచీ ఆమె గురించి నాలుగు మాటలు రాయాలని మనసులో ఉంది. పతకాల లెక్క ఎక్కడైనా దొరుకుతుంది. నాలుగు ఒలింపిక్స్‌లో నాలుగు పతకాలు, వాటిలో రెండు బంగారం. ప్రపంచ ఛాంపియన్‌షిప్ వరసగా నాలుగుసార్లు. ఇండోర్‌లో ఇంకో నాలుగు. కామన్వెల్త్‌లో మూడు స్వర్ణాలు. నాకైతే ఆమె పేరు వినగానే ముందు ఆఖరి త్రోలే గుర్తొస్తాయి. ఆమె ఆడిన రోజుల్లో షాట్‌పుట్ ఫైనల్లో మొదటి ఎనిమిది మందికీ ఆరేసి త్రోలుండేవి. అయిదు అయిపోయాక, పక్కవాళ్ళు ఎంత వేశారో బోర్డు మీద వెలుగుతుండగా, ఏడడుగుల ఆ వలయంలోకి చివరిసారి అడుగుపెట్టాలి. ఆ ఒక్క త్రోతో ఆమె గెలవడం చూశాను. అలాంటి ఒక్క త్రోతోనే ఆమె చేతిలోది జారిపోవడమూ చూశాను.

నేనెందుకు ఇంతగా పట్టించుకుంటున్నానో ముందు చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర పల్లె. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న కథలు వింటూ పెరిగినవాళ్ళం. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివేటప్పుడు మా డ్రిల్లు మాస్టారు నన్ను పిలిచి ఇనప గుండు చేతిలో పెట్టారు. దాన్ని అరచేతిలో పెట్టుకోకూడదు, వేళ్ళ మొదళ్ళ మీద నిలపాలి. దవడ కింద, మెడకు ఆనించి ఉంచాలి. బంతిలా విసిరితే భుజం పోతుంది. గుండును తొయ్యాలి. "చేత్తో వెయ్యకమ్మా, కాలితో వెయ్యి" అనేవారు ఎప్పుడూ. చాలా రోజులదాకా అదేమిటో నాకు బోధపడలేదు. వెనక్కి తిరిగి ఒంగి, కుడికాలి మీద బరువంతా దించి, ఒక్క ఊపులో వలయం అటు చివరికి జారి, ఎడమకాలు అక్కడి అడ్డుచెక్కకు తగిలే లోపు నడుము తిప్పితే, చెయ్యి ఆఖరున తన పని తాను చేసుకుపోతుంది. ఒకసారి అది కుదిరిందంటే, గుండు వేళ్ళ కొసల నుంచి వెళ్ళిపోతున్నప్పుడు బరువే తెలియదు. ఆ సుఖం ఎరిగినవాళ్ళు మరిచిపోలేరు.

జోనల్ దాకా వెళ్ళాను, జిల్లా పోటీలకు కోడి రామ్మూర్తి స్టేడియంలోనూ వేశాను. ఇంటర్‌లో చేరిన కాలేజీకి ఆటస్థలం లేదు. అక్కడితో ఆగింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడగనూ లేదు. 2000లో సిడ్నీ నుంచి మా పక్కనే ఉన్న ఊసవానిపేట మల్లీశ్వరి కంచు పతకం తెచ్చినప్పుడు ఆమదాలవలస అంతా ఒక్కటే సందడి. 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మా ఊరి పక్క అమ్మాయి! ఆ రోజు మా నాన్న నా వైపు చూసి ఏమీ అనలేదు గానీ, అటకెక్కిన గుండు ఎక్కడుందని అమ్మను అడిగారు.

పెళ్ళయ్యాక ఆయన ఉద్యోగం మీద ఆక్లాండ్ వచ్చాం. దక్షిణాన పాపటోయటోయ్‌లో ఇల్లు. అటు నుంచి విమానాశ్రయానికి వెళ్ళే దారిలో మాంగెరె వస్తుంది. టోంగా, సమోవా దీవుల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ ఉండే చోటు. ఆదివారం పొద్దున చర్చిల నుంచి వచ్చే పాటలు వింటే ఇళ్ళ పైకప్పులు లేచిపోతాయేమో అనిపించేది. మా పక్కింట్లో టోంగా పెద్దావిడ ఉండేది. ఆవిడ పెరట్లో చేమ మొక్కలు విరగబడి పెరిగేవి. ఆవిడ ఆ ఆకులో కొబ్బరిపాలు, మాంసం చుట్టి వండేది. నేను అదే ఆకుతో పులుసు పెట్టేదాన్ని. మాటలు పెద్దగా కలవకపోయినా ఆకులు అటూ ఇటూ నడిచేవి. వాలెరీ పేరు మొదట ఆవిడ నోటే విన్నాను. "మా పిల్ల" అని చెప్పింది. ఆవిడకు చుట్టమేమీ కాదు. వాలెరీ తల్లి లిలికా టోంగా మనిషి, అంతే. ఆ చుట్టరికం చాలు.

తండ్రి సిడ్ ఆడమ్స్ ఇంగ్లాండ్ నుంచి వచ్చి రోటొరువాలో స్థిరపడినవాడు. వాలెరీ అక్కడే 1984 అక్టోబర్ 6న పుట్టింది, తరవాత మాంగెరెలో పెరిగింది. పెద్దయ్యాక ఆరడుగుల నాలుగంగుళాలు. ఆ ఎత్తున్న ఆడపిల్ల బడిలో ఎలా గడిపి ఉంటుందో నాకు తెలుసు, నేను అంత పొడుగు కాకపోయినా. 1998లో కర్స్‌టన్ హెల్లియర్ అనే ఒకప్పటి జావెలిన్ క్రీడాకారిణి ఆమెకు కోచ్ అయింది. 2000లో తల్లి కేన్సర్‌తో పోయింది. అప్పటికి ఈ పిల్లకు పదిహేనేళ్ళు. మరుసటి ఏడాదే హంగరీలోని డెబ్రెసెన్‌లో ప్రపంచ యూత్ టైటిల్, ఆ పై ఏడు జమైకా కింగ్‌స్టన్‌లో ప్రపంచ జూనియర్ టైటిల్. తల్లి పోయిన పిల్ల ఆ రెండేళ్ళలో రోజూ ఆ వలయంలోకి ఎలా వెళ్ళిందో అని ఇప్పటికీ అనుకుంటాను.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో షాట్‌పుట్‌ను మాత్రం పాత ఒలింపియాలో పెట్టారు. వేల ఏళ్ళనాటి శిథిలాల మధ్య, కుర్చీలు కూడా లేకుండా, జనం గడ్డి గట్ల మీద కూర్చుని చూశారు. ఆ పురాతన స్థలంలో ఆడవాళ్ళు పోటీ పడడం అదే మొదలు. పందొమ్మిదేళ్ళ వాలెరీ అక్కడ పతకాల దగ్గరకు రాలేదు. ఆ రోజు గెలిచిన రష్యా మనిషి డోపింగ్‌లో దొరికి, బంగారం క్యూబాకు చెందిన యుమిలైడి కుంబాకు పోయింది. డోపింగ్ నీడ వాలెరీ కెరీర్‌ను మొదటి ఒలింపిక్స్ నుంచే వెంటాడింది. 2005 హెల్సింకీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆమెకు దక్కింది కంచు. అప్పటి విజేత బెలారస్‌కు చెందిన నదెజ్దా ఒస్తాప్‌చుక్ నమూనా మళ్ళీ పరీక్షిస్తే తేడా వచ్చింది. ఎనిమిదేళ్ళ తరవాత, 2013లో, ఆ కంచు వెండి అయింది.

ఆమెను నేను నిజంగా చూడడం మొదలుపెట్టింది 2007లో, ఒసాకా ప్రపంచ పోటీలప్పుడు. ఆదివారం అర్ధరాత్రి. మా ఆయన పడుకున్నారు. పక్కింట్లో లైటు వెలుగుతూనే ఉంది. ఒస్తాప్‌చుక్ 20.48 మీటర్లు వేసి ముందుంది. అయిదు త్రోలు అయిపోయాయి. వాలెరీ వచ్చి, గుండును మెడకు నొక్కుకుని, కాసేపు అలాగే నిలబడింది. నాకు అరచేతులు చెమట పట్టాయి. జారింది, తిరిగింది, తోసింది. 20.54. ఆరే ఆరు సెంటీమీటర్లు! గోడ అవతల నుంచి ఆవిడ పెట్టిన కేకకు మా ఆయన ఉలిక్కిపడి లేచారు. ఆ త్రో ఎన్నిసార్లు చూశానో. "కాలితో వెయ్యి" అని మాస్టారు చెప్పిందంతా అందులో ఉంది. కుడి మడమ లేచిన క్షణానికి భుజం ఇంకా వెనకే ఉంది. చెయ్యి చిట్టచివర వచ్చింది.

ఆ మరుసటి ఏడాది ఆగస్టు 16, బీజింగ్ ఒలింపిక్స్. పడవ పందెంలో ఎవర్స్-స్విండెల్ కవల అక్కచెల్లెళ్ళు సెకనులో నూరో వంతు తేడాతో బంగారం గెలవడంతో అప్పటికే దేశమంతా పండగలో ఉంది. రాత్రి వాలెరీ మొదటి త్రోనే 20.56 వేసింది. దాన్నెవరూ అందుకోలేకపోయారు. అథ్లెటిక్స్‌లో న్యూజిలాండ్‌కు ఒలింపిక్ స్వర్ణం వచ్చి అప్పటికి ముప్పై రెండేళ్ళు, 1976 మాంట్రియల్‌లో జాన్ వాకర్ 1500 మీటర్లు గెలిచాక ఇదే. ఆడవాళ్ళలోనైతే 1952లో లాంగ్‌జంప్ గెలిచిన ఇవెట్ విలియమ్స్ తరవాత ఇదే. అప్పట్లో పెళ్ళి వల్ల పేరు వాలెరీ విలీ. మర్నాడు మాంగెరె వీధుల్లో కార్ల కిటికీల్లోంచి ఎర్ర టోంగా జెండాలు ఊగాయి. పక్కింటావిడ ఒక పెద్ద పళ్ళెం నిండా పళ్ళు తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్ళింది. ఆ రాత్రి వెండి, కంచు అందుకున్న ఇద్దరూ బెలారస్ వాళ్ళే. ఏళ్ళ తరవాత రీటెస్టుల్లో ఆ రెండు పతకాలూ పోయాయి.

2010లో కోచ్ హెల్లియర్‌తో విడిపోయింది. పదకొండేళ్ళ బంధం. పెళ్ళి కూడా ముగిసి, మళ్ళీ ఆడమ్స్ అయింది. ఆ ఏడు దసరాకు నేను ఇంటికి వచ్చాను. మా తమ్ముడు ఢిల్లీలో పని చేసేవాడు. "అక్కా, మీ ఆవిడ వస్తోందట" అని కామన్వెల్త్ టికెట్లు తీశాడు. ఆక్లాండ్‌లో ఉన్నన్నాళ్ళూ టీవీలో చూసిన మనిషిని నెహ్రూ స్టేడియంలో, మన దేశంలో, నా కళ్ళతో చూశాను. టీవీలో ఆమె ఎత్తు తెలుస్తుంది గానీ ఆమె వేగం తెలియదు. అంత మనిషి ఆ వలయంలో అంత తేలిగ్గా కదులుతుందని అక్కడ చూసేదాకా నేను నమ్మలేదు. 20.47 వేసింది, కామన్వెల్త్ క్రీడల రికార్డు. రెండో స్థానంలో ఉన్న ట్రినిడాడ్ అమ్మాయి మీటరుకు పైగా వెనకబడింది. గుండు నేలను తాకిన చప్పుడు మా వరసదాకా వినిపించింది. ఆ పోటీల్లోనే డిస్కస్‌లో కృష్ణా పూనియా, హర్వంత్ కౌర్, సీమా అంటిల్ మూడు పతకాలూ మనకే తెచ్చారు. 1958లో మిల్ఖాసింగ్ గెలిచాక కామన్వెల్త్ అథ్లెటిక్స్‌లో మనకు అదే తొలి బంగారం. త్రో వేసే ఆడవాళ్ళ కోసం ఢిల్లీ స్టేడియం లేచి నిలబడిన వారం అది. నేను అక్కడ ఉన్నాను.

ఆ తరవాత ఆమె ఇల్లూ వాకిలీ వదిలి స్విట్జర్లాండ్ వెళ్ళింది. కోచ్ జాన్-పియర్ ఎగర్. ఒకప్పుడు వెర్నర్ గుంథర్‌ను ప్రపంచ విజేతగా తీర్చినాయన. ఆయన చేతిలో ఆమె ఇంకా పదునెక్కింది. 2011 దేగు ప్రపంచ పోటీల్లో 21.24 మీటర్లు వేసింది. ఆమె జీవితంలో అత్యుత్తమం అదే. 1987లో సోవియట్ క్రీడాకారిణి నటాలియా లిసోవ్‌స్కయా పెట్టిన ఛాంపియన్‌షిప్ రికార్డుతో సరిగ్గా సమానం. అదే లిసోవ్‌స్కయా 1987లో వేసిన 22.63 ఇప్పటికీ ప్రపంచ రికార్డు. డోపింగ్ పరీక్షలు ఇంత గట్టిగా లేని కాలంలో వేసిన దూరాలతో ఈ తరం అమ్మాయిలను పోల్చి "రికార్డు కొట్టలేదుగా" అనేవాళ్ళ మాట నాకు నచ్చదు.

లండన్ ఒలింపిక్స్ గురించి రాయడం కష్టం. పోటీకి ముందు రోజు చూస్తే స్టార్ట్ లిస్టులో ఆమె పేరే లేదు. జట్టు అధికారులు నమోదు చెయ్యడం మరిచారు. ఎలాగో సర్దారు. 2012 ఆగస్టు 7, మాకు పొద్దున్న. ఆమె 20.70 వేసింది. ఒస్తాప్‌చుక్ 21.36. ఓడింది. కెమెరా ముందుకు వచ్చి మాట్లాడుతున్నప్పుడు ఆమె ముఖం చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. పక్కింటావిడ ఆ రోజు బయటికే రాలేదు. వారం తిరక్కుండా, ఒలింపిక్స్ ముగిసిన మర్నాడు, వార్త వచ్చింది. ఒస్తాప్‌చుక్ నమూనాల్లో మెటనొలోన్ అనే నిషిద్ధ మందు దొరికింది. బంగారం వాలెరీది. ఊళ్ళో అమ్మకు ఫోన్ చేసి చెప్తే ఆవిడ మొదట అడిగింది ఒకటే: "ఆ గుంటకి బంగారం ఇచ్చీసినారా, లేదా?" ఇచ్చారు. సెప్టెంబర్ 19న ఆక్లాండ్‌లో, గవర్నర్ జనరల్ చేతుల మీదుగా. జాతీయ గీతం వాయించారు, జనం చప్పట్లు కొట్టారు, ఆమె నవ్వింది. నేను టీవీ ముందు కూర్చుని ఏడ్చాను. ఎనభై వేల మంది ముందు, ఆ రాత్రి, ఆ మెట్టు మీద నిలబడాల్సింది. పతకం తిరిగి వస్తుంది. ఆ రాత్రి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మాట ఎవరైనా డోపింగ్‌ను చిన్న విషయంగా మాట్లాడినప్పుడల్లా నేను అంటూనే ఉంటాను.

2013లో మాస్కోలో నాలుగో ప్రపంచ టైటిల్. వ్యక్తిగత విభాగంలో వరసగా నాలుగు గెలిచిన మొదటి మహిళ ఆమే. 2010 ఆగస్టు నుంచి 2015 జులై దాకా బరిలోకి దిగిన 56 పోటీలూ ఆమె ఖాతాలోవే. 2014లో గ్లాస్గోలో మూడో కామన్వెల్త్ స్వర్ణం, ఆ ఏడాదే ప్రపంచ ఉత్తమ అథ్లెట్ పురస్కారం. ఒళ్ళు ఊరుకుంటుందా? భుజానికి, మోచేతికి ఆపరేషన్లు. 2015 ప్రపంచ పోటీలకు వెళ్ళలేదు. అప్పటికి ఆమె తమ్ముడు స్టీవెన్ అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. ఇక్కడి మన తెలుగు కుర్రాళ్ళకు అతనే ఎక్కువ తెలుసు. "స్టీవెన్ ఆడమ్స్ అక్క" అని ఎవరైనా అంటే నేను వెంటనే సరిదిద్దుతాను. అతను వాలెరీ ఆడమ్స్ తమ్ముడు.

2016 రియో ఒలింపిక్స్. శనివారం మధ్యాహ్నం, తెలుగువాళ్ళింట్లో భోజనాలకు కూడాం. నేను ముందే చెప్పేశాను, టీవీ పెట్టాల్సిందేనని. రెండో త్రోలో వాలెరీ 20.42 వేసి ముందుకు వచ్చింది. మూడు, నాలుగు, అయిదు అయ్యాయి. ఇంకెవరూ దాటలేదు. మూడో ఒలింపిక్ స్వర్ణం వచ్చేసినట్టే అని అందరూ మళ్ళీ విస్తళ్ళ వైపు తిరిగారు. నేను తిరగలేదు. ఆఖరి త్రో సంగతి నాకు తెలుసు. అమెరికా అమ్మాయి మిషెల్ కార్టర్ వచ్చింది. ఈమె తండ్రి మైఖేల్ 1984 లాస్ ఏంజిలిస్‌లో ఇదే ఆటలో వెండి తెచ్చాడు. ఆరో త్రో: 20.63. తరవాత వాలెరీకి ఇంకో అవకాశం మిగిలింది, చాల్లేదు. ఒసాకాలో ఆమె ఒస్తాప్‌చుక్‌కు ఏం చేసిందో, రియోలో కార్టర్ ఆమెకు అదే చేసింది. తేడా ఒక్కటే, ఈసారి ఎవరి మీదా ఏ మచ్చా లేదు. మంచి పోటీలో ఓడింది. లండన్ వెండికి ఏడ్చిన నేను రియో వెండికి ఏడవలేదు. అక్కడ చప్పట్లు కొట్టింది బహుశా నేనొక్కదాన్నే.

ఇక చాలనుకున్నారు అందరూ. 2017లో 'డేమ్' బిరుదు ఇచ్చారు, అక్టోబర్‌లో కూతురు పుట్టింది. పురుడయిన ఆరు నెలలకే గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్‌లో వెండి గెలిచింది. 2019లో కొడుకు. ఇద్దరు పిల్లల తల్లి, ముప్పై ఆరేళ్ళు, మోకాళ్ళు భుజాలు అన్నీ కోతలు చూసినవే. టోక్యో ఒలింపిక్స్ ఒక ఏడాది వాయిదా పడినా ఆగలేదు. 2021 ఆగస్టు 1న ప్రేక్షకులే లేని స్టేడియంలో 19.62 వేసి కంచు అందుకుంది. పతకంతో పాటు పిల్లల ఫోటో కెమెరాకు చూపించింది. నా వరకూ ఆ కంచు బీజింగ్ బంగారానికి తక్కువేమీ కాదు. కాన్పుల తరవాత నడుము నొప్పితో బిందె ఎత్తడానికి కూడా తడుముకున్న ఆడవాళ్ళెవరిని అడిగినా ఇదే చెప్తారు. అదే నెలలో చెల్లెలు లీసా పారాలింపిక్స్‌లో షాట్‌పుట్ స్వర్ణం గెలిచింది. ఆమెకు కోచ్ వాలెరీయే.

పక్కింటావిడ టోక్యో చూడలేదు. అంతకు ముందే పోయింది. ఆవిడ చేమ మొక్కలు ఇప్పుడు మా పెరట్లో ఉన్నాయి.

ఈ మధ్య మన దేశంలోనూ కదలిక ఉంది. 2022లో మన్‌ప్రీత్ కౌర్ 18 మీటర్లు దాటింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కిరణ్ బాలియాన్ 17.36 వేసి కంచు తెచ్చింది. ఈ ఆటలో మన ఆడవాళ్ళకు ఆసియా క్రీడల పతకం రావడం 1951లో బార్బరా వెబ్‌స్టర్ తరవాత మళ్ళీ అప్పుడే. డెబ్బై రెండేళ్ళు! మా జిల్లాలో బడి మూలల్లో తుప్పు పడుతున్న గుండ్లు ఎవరైనా బయటికి తీస్తే, పట్టుకునే చేతులకు కొదవ లేదు.

2024 పారిస్ ఫైనల్ మాకు తెల్లవారుజామున వచ్చింది. ఈసారి న్యూజిలాండ్ తరఫున మాడిసన్-లీ వెష్. టోక్యో ఫైనల్లో వాలెరీ పక్కనే పోటీ పడిన అమ్మాయి. మా అమ్మాయిని లేపి కూర్చోబెట్టాను. వెష్ 19.86 వేసి ముందుంది. ఆరో రౌండులో జర్మనీకి చెందిన యెమిసి ఒగున్లేయే సరిగ్గా 20 మీటర్లు వేసింది. మా అమ్మాయి నిద్రకళ్ళతోనే "ప్రతిసారీ ఇంతేనా అమ్మా?" అంది. లెక్క చెప్పాను. ఒసాకాలో ఆరు సెంటీమీటర్లు, రియోలో ఇరవై ఒకటి, ఇప్పుడు పధ్నాలుగు. "అయితే ముందు ఒసాకా చూపించు" అంది. ఫోన్‌లో వెతికి ఇచ్చాను.